కౌండిన్య గట్టున సైకిలు బాట: కంకర దారి హాయి, అడవి అంచు జాగ్రత్త

వేలూరు నుండి కాట్పాడి, గుడియాత్తం, పేర్నంబట్టు మీదుగా కనుమ ఎక్కి వి.కోట, ముళబాగిలు వైపు సాగిపోయే 75వ నంబరు జాతీయ రహదారి మీద సైకిలు తొక్కడం ఎంతటి సాహసమో సరిహద్దు గ్రామాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. వెనుక నుండి లారీ హారను మ్రోగగానే తారు అంచు దిగి మట్టిలోకి తప్పుకోవాలి. లారీ పోయిన తరువాత ఆ దుమ్ములో మరల తారు మీదికి ఎక్కాలి. బడికి పోయే పిల్ల సాయంత్రం ఇల్లు చేరే వరకు తల్లి చూపు వీధి మలుపు మీదనే ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం పదకొండవ తరగతి విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే సైకిళ్ళు ఈ ప్రాంతపు ఇళ్ళలో అనేకం ఉన్నాయి. సైకిలు ఉన్నది గాని దానిని నిశ్చింతగా తొక్కే దారి ఏది అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక సమాధానం ఈ నేలలోనే ఉన్నది. గుడియాత్తానికి ఎగువన మోర్ధానా జలాశయం, దాని కాలువలు, ఆ కాలువలు నింపే చెరువుల కట్టలు, వాటిని కలిపే ఎర్రమట్టి బాటలు, ఇవన్నీ మోటారు వాహనాల ఒత్తిడి అంతగా లేని దారులు. విదేశాలలో ఇటువంటి దారుల మీద సైకిలు తొక్కడం నేడొక ప్రత్యేక వ్యాపకంగా, పోటీ క్రీడగా కూడ ఎదిగింది. అయితే ఇక్కడి దారులు ఒక కొసన అడవిని తాకుతున్నాయి. ఆ అడవిలో ఏనుగులున్నాయి. కనుక హాయిని, అపాయాన్ని రెంటినీ తెలిసి అడుగు వేయవలసి ఉన్నది.

కంకర సైకిలు అంటే ఏమి?

ఆంగ్లంలో గ్రావెల్ సైక్లింగ్ అని పిలిచే ఈ విధానం సూత్రం చాల సులభమైనది. తారు రోడ్డు మీద వేగంగా పోయే సన్నటైరు సైకిలు ఒక వైపు, బండరాళ్ళ మీద దూకే కొండ సైకిలు మరొక వైపు ఉండగా, ఈ రెంటి నడుమ నిలిచే సైకిలు ఇది. టైరు వెడల్పు సుమారు 35 నుండి 50 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. చక్రం గులకరాళ్ళ మీద జారకుండ, మెత్తని మట్టిలో కూరుకుపోకుండ ఈ వెడల్పు కాపాడుతుంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం వద్ద 2006లో మొదలైన కంకర దారుల పోటీ కాలక్రమంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో మొట్టమొదటి కంకర సైకిలు ప్రపంచ పోటీలు నిర్వహించింది.

ఇదంతా విని ఇది లక్షల రూపాయల సైకిళ్ళ వారి సరదా అనుకోనక్కరలేదు. పాలవాడు క్యానులు కట్టుకొనే, రైతు గడ్డిమోపు వేసుకొనే పాత నల్ల సైకిలు టైరు కొలత 28 అంగుళాలు, ఒకటిన్నర అంగుళం. ఆ ఒకటిన్నర అంగుళం దాదాపు 40 మిల్లీమీటర్లు. అంటే నేడు విదేశాలలో కొత్త ఆవిష్కారంగా అమ్ముడుపోతున్న టైరు వెడల్పు మన తాతల సైకిలులో ముందు నుండీ ఉన్నదే. మట్టిబాటల దేశానికి మట్టిబాట సైకిలే తగినదని ఆనాటి వారు ఎరుగుదురు.

తేడా మూడు చోట్ల ఉన్నది. కొత్త సైకిలుకు గేర్లు ఉండడం వలన ఏటవాలు ఎక్కడం తేలిక. దాని బ్రేకు చక్రపు ఇరుసు దగ్గరి బిళ్ళను పట్టుకొంటుంది కనుక తడిలోను పనిచేస్తుంది. పాత సైకిలు కడ్డీ బ్రేకు చక్రపు అంచును పట్టుకొంటుంది కనుక తడిసినప్పుడు, ఏటవాలు దిగేటప్పుడు పట్టు సడలుతుంది. మూడవది గాలి. పాత సైకిలుకు బరువు మోయడానికి గాలి గట్టిగా కొడతారు. కంకర మీద గట్టి టైరు ప్రతి రాయికి ఎగిరిపడుతుంది. 40 మిల్లీమీటర్ల టైరులో మనిషి బరువును బట్టి 30 నుండి 40 పౌండ్ల వరకు గాలి ఉంచితే టైరు రాయిని చుట్టుకొని దాటుతుంది. మరీ తగ్గిస్తే రాయికి, చక్రానికి నడుమ ట్యూబు నలిగి పంక్చరు పడుతుంది. మూటలు లేకుండ ఒంటరిగా పోయే వారు గాలి కొంచెం తగ్గించుకోవడం ఖర్చు లేని మేలు.

దారులు ఎందుకు చదునుగా ఉన్నాయి?

కౌండిన్య నది ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతపు కొండలలో పుట్టి, అడవి గుండా తమిళనాడులోకి దిగి, గుడియాత్తం పట్టణాన్ని చీల్చుకొంటూ పోయి పాలారులో కలుస్తుంది. ఈ నది ఒడ్డుననే ఏటేటా మే నెల నడుమ, తమిళ వైకాశి మాసం తొలినాడు, గంగమ్మ శిరస్సు జాతర జరుగుతుంది. ఆ జాతరకు చిత్తూరు వైపు నుండి కూడ జనం తరలివస్తారు. నది సరిహద్దును లెక్కచేయనట్లే భక్తులు కూడ లెక్కచేయరు.

ఈ నదికి అడ్డంగా కొండల నడుమ కట్టినదే మోర్ధానా ఆనకట్ట. దాని నీటి మట్టం 11.5 మీటర్లు, నిలువ సామర్థ్యం సుమారు 261 మిలియన్ ఘనపుటడుగులు. దిగువన జిట్టపల్లి అడ్డుకట్ట వద్ద నీరు కుడి, ఎడమ కాలువలలోకి మళ్ళి, చెరువులను నింపుకొంటూ పోతుంది.

కాలువ తవ్వేవారు నీటికి మోటారు పెట్టరు. నేల వాలే నీటిని నడిపిస్తుంది. వాలు ఎక్కువైతే ప్రవాహం గట్టును కోస్తుంది; తక్కువైతే ఒండ్రు నిలిచి కాలువ పూడుతుంది. అందువలన కాలువను కొండ అంచు వెంబడి, మట్టం చూసుకొంటూ, అతి స్వల్పమైన వాలుతో తీసుకొనిపోతారు. కాలువ పక్కన పర్యవేక్షణ కోసం వేసిన గట్టు బాటకు కూడ అదే వాలు వస్తుంది. చుట్టూ కొండలున్నా ఆ బాట మీద సైకిలు తొక్కేవాడికి ఎక్కుడు, దిగుడు తెలియవు. పదేళ్ళ పిల్లవాడు, అరవై ఏళ్ళ పెద్దాయన కలిసి పోగల దారి కొండ ప్రాంతంలో దొరకడానికి కారణం ఇదే.

అయితే అన్ని మట్టిబాటలు ఒక్కటి కావు. ఎర్ర గ్రావెల్ పరచి రోలరు తిప్పిన బాట ఎండాకాలంలో సిమెంటు వలె గట్టిపడుతుంది. సైకిలుకు ఇది ఉత్తమం. రోడ్డు పనులకు పోసిన చేతి గుప్పెడంత కంకర మీద చక్రం పక్కకు జారుతుంది. అక్కడ దిగి నడవడమే మేలు. నల్లరేగడి బాట వాన పడిన నాడు చక్రానికి ముద్ద కట్టి అడుగు కదలనీయదు. తడిసిన గట్టు మీద బండ్లు తిరిగితే గాడి పడుతుంది. ఆ గాడి వెంట వాననీరు పారి గట్టు కోతకు గురవుతుంది. కనుక వాన వెలిసిన తరువాత రెండు మూడు రోజులు గట్టును ఆరనీయడం సైకిలు వారికి, రైతులకు ఉభయులకు క్షేమం.

వేల్స్ కొండలలో ఒక పోలిక

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఎలాన్ లోయ అని ఒకటి ఉన్నది. బర్మింగ్‌హామ్ నగరానికి తాగునీరు అందించడానికి 1893లో అక్కడ ఆనకట్టల నిర్మాణం మొదలై, 1904లో ఏడవ ఎడ్వర్డు రాజు చేతుల మీదుగా ప్రారంభమయింది. 73 మైళ్ళ దూరంలోని నగరానికి నీరు నేటికీ నేల వాలుతోనే పోతున్నది. రాళ్ళు, సామగ్రి మోయడానికి ఆ రోజులలో ఒక చిన్న రైలుమార్గం వేశారు. పని ముగిసిన పిమ్మట పట్టాలు తీసివేశారు. ఆ రైలుకట్టే నేడు వాహనాలు రాని సైకిలు బాట. సుమారు 9 మైళ్ళ పొడవున జలాశయాల వెంట కుటుంబాలు అక్కడ సైకిళ్ళు తొక్కుతున్నాయి. రైలు నిటారు వాలు ఎక్కలేదు కనుక ఆ బాట కూడ చదునే. మన కాలువ గట్టు సూత్రమే అక్కడ రైలుకట్టకు వర్తించింది.

ఎలాన్ కథలో మరొక పుట కూడ ఉన్నది. నీటి కింద పడిన ఆ లోయలో సుమారు వందమంది నివసించేవారు. ఇళ్ళు, పొలాలు, బడి, ప్రార్థనాలయం మునిగిపోయాయి. భూస్వాములకు పరిహారం దక్కింది గాని కౌలుదారులకు, కూలీలకు దక్కలేదు. నేడు ఆ నీటి అందాన్ని చూడవచ్చే వారిలో ఈ సంగతి తలచేవారు కొద్దిమందే. ఒక జలాశయం చుట్టూ విహారం వృద్ధి చేయదలచినప్పుడు ముందుగా అక్కడి వారి బ్రతుకు ఏమవుతుందని అడగడం ఏ దేశంలోనైనా న్యాయం.

నిశ్శబ్దమే అపాయమైన చోటు

ఎలాన్ లోయలో గొర్రెలు అడ్డం వస్తాయి. మోర్ధానా ఎగువన ఏనుగులు వస్తాయి. ఈ ఒక్క భేదం మొత్తం లెక్కను మార్చివేస్తుంది.

చిత్తూరు జిల్లా అడవులలో దాదాపు రెండు వందల ఏళ్ళ పాటు ఏనుగు లేదు. 1980ల తొలి సంవత్సరాలలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుండి మందలు కుప్పం వైపు వచ్చి స్థిరపడ్డాయి. వాటి రక్షణ కొరకు 1990లో కుప్పం, పలమనేరు అడవులలో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. ఏనుగు రాష్ట్రాల గీతను ఎరుగదు. పలమనేరు వైపు అడవిలో ఉదయం ఉన్న మంద రాత్రికి సైనగుంట పరిసరాలలోని మామిడి, అరటి, చెరకు తోటలలో దిగవచ్చు. ఒక రాష్ట్రంలో డప్పులు, టపాసులతో తరిమితే మరొక రాష్ట్రపు పొలంలో తేలుతుంది. ఇటీవల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో కర్ణాటక నుండి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించింది. పలమనేరు సమీపాన ముసలిమడుగు వద్ద వాటికి శిబిరం ఏర్పాటయింది.

సైకిలు విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తెరగాలి. మోటారుబండి చప్పుడు ఏనుగుకు దూరం నుండే వినబడుతుంది. అది తప్పుకోవడానికి వ్యవధి ఉంటుంది. సైకిలుకు చప్పుడు లేదు. ఎదురుగాలి వీస్తుంటే మనిషి వాసన కూడ ముందుకు పోదు. మలుపు తిరిగేసరికి ఇరువురూ ఒకరికొకరు హఠాత్తుగా ఎదురుపడతారు. బెదిరిన ఏనుగు, అందునా పిల్ల వెంట ఉన్న తల్లి, పారిపోవడానికి బదులు మీదికి రావచ్చు. ఏనుగు కొద్ది దూరం గంటకు 24 కిలోమీటర్ల వేగంతో పోగలదని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. కంకర బాట మీద ఎక్కుడులో సామాన్యుడు తొక్కే వేగం అందులో సగం కూడ ఉండదు. తప్పించుకోగలమన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఎదురుపడకుండ ఉండడమే ఉపాయం.

చిరుతల బెడద కూడ ఉన్నది. 2024 డిసెంబరులో కె.వి.కుప్పం ప్రాంతంలో అడవి అంచు గ్రామమొకదానిలో ఒక యువతి చిరుత దాడిలో ప్రాణాలు కోల్పోయింది. ఆ ఘటన తరువాత ఆ చుట్టుపక్కల తల్లిదండ్రులు పిల్లలను ఒంటరిగా పొలం గట్టుకు పంపడానికి సైతం వెనుకాడడం సహజమే.

చట్టం గీసిన గీత

అడవి అంచు ప్రాంతపు దారులను మూడు తరగతులుగా చూడడం మంచిది. మొదటిది, ఊళ్ళ నడుమ చెరువు కట్టలు, దిగువ కాలువల గట్లు, పొలాల మధ్య పంచాయతీ మట్టిబాటలు. ఇవి గ్రామస్థులు నిత్యం నడిచేవి. సైకిలు అభ్యాసానికి ఇవే అనువైనవి. రెండవది, జలాశయానికి పోయే దారి. పగటివేళ జనం పోతుంటారు గాని కొండల నడుమ సాగుతుంది కనుక వేళ చూసి, తోడు చూసి, ఆనాటి ఏనుగుల జాడ తెలుసుకొని పోవాలి. మూడవది, రిజర్వు అడవి లోపలి బాటలు, అభయారణ్యపు బాటలు. అనుమతి లేకుండ వీటిలోకి పోవడం నేరం.

రిజర్వు అడవికి 1882 నాటి తమిళనాడు అటవీ చట్టం, అభయారణ్యానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తాయి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చుకు చిక్కి కొండనడక యాత్రికులు 20 మందికి పైగా మరణించిన తరువాత తమిళనాడు ప్రభుత్వం అడవి నడకలకు ప్రత్యేక నిబంధనలు చేసింది. 2024లో అటవీ శాఖ 40 బాటలను ఎంపిక చేసి, శిక్షణ పొందిన స్థానిక గిరిజన, గ్రామీణ యువకులను మార్గదర్శకులుగా పెట్టి, ముందస్తు నమోదుతో నడకలకు అనుమతించింది. మంటల కాలంలో వాటిని మూసివేయడం కూడ ఆ ఏర్పాటులో భాగమే. అది నడకకు సంబంధించిన ఏర్పాటు అయినప్పటికీ, అడవిని పూర్తిగా మూయకుండ, పూర్తిగా తెరవకుండ నడిమి మార్గం సాధ్యమని అది చూపుతున్నది.

కుటుంబాలు పాటించదగిన జాగ్రత్తలు

సైకిలు బయలుదేరే ముందు రెండు బ్రేకులు పట్టి చక్రం ఆగుతున్నదా చూడాలి. గొలుసు వదులు, హ్యాండిలు బిగింపు చూసుకోవాలి. పంపు, అతుకు సామాను, ఒక అదనపు ట్యూబు వెంట ఉంచుకొంటే పది కిలోమీటర్లు సైకిలు తోసుకొంటూ నడిచే పని తప్పుతుంది. మట్టిబాటయే కదా అని శిరస్త్రాణం విడువరాదు. కాలువ గట్టు రాతి కట్టడం మీద పడినా తలకు తగిలే దెబ్బ ఒక్కటే.

ప్రొద్దు బాగా ఎక్కిన తరువాత బయలుదేరి సాయంత్రం నాలుగు గంటల లోపల అడవి అంచు విడిచి రావాలి. తెల్లవారుజాము, మలిసంధ్య ఏనుగులు కదిలే వేళలు. ముందుగా దారిలోని ఊరివారిని విచారించాలి. రాత్రి పొలం కాపలా ఉన్న రైతుకు తెలిసినంతగా ఏనుగుల జాడ మరెవ్వరికీ తెలియదు. తాజా పేడ, విరిగిన కొమ్మలు, నలిగిన పైరు కనబడితే అక్కడి నుండే వెనుదిరగాలి. మలుపుల వద్ద గంట మ్రోగించాలి, మాట్లాడుకొంటూ పోవాలి. చెవులలో పాటల తీగలు పెట్టుకోరాదు. ఏనుగు కనబడితే ఫోటో కొరకు ఆగడం, అరవడం, రాళ్ళు రువ్వడం ప్రాణాంతకం.

నీటి విషయంలో కూడ అలక్ష్యం తగదు. నిండుగా పారే కాలువ గట్టు మీద ఈత రాని పిల్లలను నీటి వైపు కాక పొలం వైపు తొక్కించాలి. 2021 నవంబరు వానలకు కౌండిన్య, పాలారు పొంగి గుడియాత్తంలో ఒడ్డు ప్రాంతాలు మునిగిన సంగతి అందరికీ జ్ఞాపకమే. మోర్ధానా నిండి పొరలుతున్న దినాలలో నదిలోని చప్టాలు సైకిలుతో దాటబూనడం అవివేకం. మే నెలలో, తమిళులు కత్తిరి అని పిలిచే ఎండలలో వేలూరు ప్రాంతపు వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఈ వ్యాపకానికి సెలవు ఇవ్వడమే ఉచితం. డిసెంబరు వానలు వెనుకబడిన తరువాత జలాశయం నిండి, బాటలు ఆరిన వారాలు అన్నింటికంటె అనుకూలం.

ప్రమాదం జరిగి 108కి గాని 112కి గాని ఫోను చేసేటప్పుడు సరిహద్దు వారు ఒక్క మాట ముందుగా చెప్పాలి: ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ ఊరు. సెల్‌ఫోను ఏ రాష్ట్రపు టవరును అందుకొన్నదో ఆ రాష్ట్రపు కేంద్రానికి పిలుపు పోవచ్చు. పరదరామి వద్ద నిలబడి చిత్తూరు వారితో మాట్లాడుతూ ఉండిపోయే అవకాశం లేకపోలేదు.

ఏది మిగలాలి?

ఇటువంటి దారులకు రెండు వైపుల నుండి ముప్పు ఉన్నది. అభివృద్ధి పేరిట జలాశయపు గట్టు వరకు వెడల్పైన తారు వేస్తే కార్లు వస్తాయి. వాటి వెంట సీసాలు, ప్లాస్టిక్ సంచులు, రాత్రి విందులు వస్తాయి. అప్పుడు సైకిలుకు మిగిలే దారి ఉండదు, ఏనుగుకు మిగిలే నీటి రేవు ఉండదు. మరొక వైపు ఒక దుర్ఘటన జరిగిన వెంటనే గొలుసు కట్టి అంతా మూసివేస్తే, పశువులు తోలుకొని పోయే వారికి, పొలానికి పోయే వారికి తరతరాల బాట మూసుకొనిపోతుంది.

ఈ రెంటి నడుమ చేయదగిన పని పెద్దది కాదు. దిగువ కాలువల గట్లను గ్రావెల్ పరచి కాపాడుట, మోటారు వాహనాలు రాకుండ గట్టు మొదట రాళ్ళు పాతుట, అడవి వైపు బాటలకు వేళలు నిర్ణయించి తెలుగు, తమిళ భాషలు రెంటిలోను ఫలకాలు పెట్టుట, ఏనుగుల జాడను ఇరు రాష్ట్రాల అటవీ సిబ్బంది పరస్పరం తెలుపుకొని గ్రామాలకు చాటించుట. వీటికి కావలసినది కోట్ల రూపాయలు కాదు. నీటి శాఖ, అటవీ శాఖ, పంచాయతీలు ఒకచోట కూర్చొని మాట్లాడుకోవడం.

బడి పిల్లల సైకిళ్ళు ఇళ్ళ ముంగిట ఉన్నాయి. ఏటి నీరు నడిచే వాలు మీద చదునైన బాట ఉన్నది. దాని పై కొసన ఏనుగు ఇల్లు ఉన్నది. పిల్లలకు సైకిలు నేర్పేటప్పుడు బ్రేకు ఎక్కడ పట్టాలో నేర్పినట్లే, ఏ మలుపు వద్ద వెనుదిరగాలో కూడ నేర్పిన నాడు ఈ బాట ముగ్గురికీ సరిపోతుంది.